ముందు రోజు అంటే ఏ రోజు: తిరుపతి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా

డిసెంబర్ 3, 2021, శుక్రవారం

పొద్దున ఐదున్నరకి అమ్మాయి ఫోన్ చేసింది. మే నెల నుంచి ఆ వేళప్పుడు ఫోన్ మోగితే నాకు చేతులు వణుకుతాయి. "అమ్మా, నేను బాగానే ఉన్నా, కంగారు పడొద్దు. టెస్టు రూల్ మారింది, అది చెబుదామని చేశా" అంది.

అప్పటిదాకా ఉన్న నియమం ప్రకారం, రెండు డోసులు పూర్తయినవాళ్లు అమెరికా విమానం ఎక్కే ముందు మూడు రోజుల్లోపు చేయించుకున్న కోవిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చి ఉంటే చాలు. ఇప్పుడు ఒమిక్రాన్ అనే కొత్త రకం కోవిడ్ వచ్చింది. ఆ పేరు పెట్టి వారమే అయింది. అమెరికాలో తొలి కేసు బయటపడింది కూడా మేం వెళ్లాల్సిన శాన్‌ఫ్రాన్సిస్కోలోనే. దాంతో 6వ తేదీ నుంచి ఆ మూడు రోజులు కాస్తా ఒక్క రోజు అయింది. టీకా వేసుకున్నారా లేదా అన్నదాంతో పనిలేదు, రెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ అదే లెక్క.

మా టికెట్లు 16వ తేదీకి. టెస్టుకి 13న ఇంటికి రమ్మని ల్యాబ్‌కి చెప్పిపెట్టాం. అది ఇక పనికిరాదు.

ఈ ప్రయాణం మాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. మా మనవరాలు 2020 జూన్‌లో పుట్టింది. మార్చి 23 నుంచే అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. పురుడు పోయాల్సిన నేను ఇక్కడ తిరుపతిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కానుపైన మూడో రోజు నుంచి మా అమ్మాయి తన వంట తానే చేసుకుంది. 2021లో టీకాలు వచ్చాయి కదా, మే నెలలో వెళ్దామనుకుంటే 4వ తేదీ నుంచి మన దేశం నుంచి వెళ్లేవాళ్లను అమెరికా ఆపేసింది. అదే నెలలో మా ఆయనకు కోవిడ్ వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నవంబర్ 8న ఆ ఆంక్ష ఎత్తేశారు. రెండో కానుపు డిసెంబర్ నెలాఖరుకన్నారు. అందుకే ఈసారి ఏ చిన్న కాగితం వల్లా ఆగిపోకూడదని గట్టిగా అనుకున్నాను.

ఆ రోజంతా ఇంట్లో ఒకటే చర్చ, 'ఒక్క రోజు' అంటే ఏమిటని. మా ఆయన 24 గంటలన్నారు. మా మరిది కూడా అంతే అన్నాడు. అలాగైతే విమానం 16 మధ్యాహ్నం రెండున్నరకి కాబట్టి 15 మధ్యాహ్నం రెండున్నర తర్వాతే శాంపిల్ ఇవ్వాలి. మా ఊళ్లో ఆర్టీపీసీఆర్ రిపోర్టు రావడానికి పన్నెండు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బెంగళూరు విమానాశ్రయానికి ఐదారు గంటల దారి. రిపోర్టు కాస్త ఆలస్యమైనా లెక్క తప్పేలా ఉంది.

రాత్రి అమ్మాయి ఆ నియమం ఉన్న పేజీని పైనుంచి కిందకి చదివి వినిపించింది. వాళ్లు కావాలనే గంటల లెక్క పెట్టలేదు, రోజు లెక్క పెట్టారు. విమానం ఏ తేదీన బయలుదేరుతుందో దానికి ముందు తేదీన ఏ వేళప్పుడు శాంపిల్ ఇచ్చినా చెల్లుతుంది. అంటే 15వ తేదీ పొద్దున ఏడుకి ఇచ్చినా సరే. విమానం వేళకి ముప్పై గంటలు దాటినా ఇబ్బంది లేదు. 14 రాత్రి పదకొండున్నరకి ఇస్తే మాత్రం చెల్లదు. ఇది విన్నాకే నాకు అన్నం సయించింది.

ఇంకో విషయం, ఆర్టీపీసీఆరే కావాలని కూడా లేదు. అరగంటలో తేలిపోయే యాంటిజెన్ టెస్టును కూడా ఒప్పుకుంటారు. మేమే జాగ్రత్త కోసం ఆర్టీపీసీఆర్ అనుకున్నాం.

డిసెంబర్ 4, శనివారం

ఈ రోజంతా పేర్లతోనే సరిపోయింది.

ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేశాను. సంతకం, పేరు, తేదీ, ఈ మూడూ సరిచూడకుండా కాగితం పక్కన పెట్టలేను. పాస్‌పోర్టూ టీకా సర్టిఫికెట్టూ పక్కపక్కన పెట్టి పెన్సిలుతో ఒక్కో అక్షరం చూసుకుంటూ పోయాను. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు పూర్తిగా ఉంది. కోవిన్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకి బదులు ఒక్క అక్షరమూ ఒక చుక్కా ఉన్నాయి. టీకా వేసిన రోజు మా వార్డు సచివాలయంలో ఆధార్ చూసి రాసుకున్నారు, అందులో అలాగే ఉంది. అది చాలదన్నట్టు నా పేరు చివర 'త'కి పాస్‌పోర్టులో 'హెచ్' ఉంది, సర్టిఫికెట్‌లో లేదు.

మన తెలుగువాళ్లందరికీ ఉన్న బాధే ఇది. బడిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, పెళ్లయ్యాక ఇంకో ఇంటిపేరు. ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. విమానం కౌంటర్ దగ్గర మాత్రం రెండు కాగితాల మీద రెండు పేర్లుంటే ఇద్దరు మనుషుల కిందే లెక్క.

కోవిన్‌లో తప్పు దిద్దుకునే వీలుంది, పాస్‌పోర్టు నంబరు కలిపే వీలూ ఉంది. కానీ పేరు దిద్దుకునే అవకాశం ఒక్కసారే. ఆ మాట తెర మీద కనిపించగానే మా ఆయన చెయ్యి ఆగిపోయింది. నేను పాస్‌పోర్టు చూసి ఒక్కో అక్షరం పైకి చదివితే ఆయన టైపు చేశారు. తర్వాత ఆయన చదివితే నేను సరిచూశాను. చివరి మీట నొక్కే ముందు ఇద్దరం ఒకసారి పూజ గది వైపు చూశాం. కాసేపటికి కొత్త సర్టిఫికెట్ వచ్చింది. ఇంటిపేరు పూర్తిగా ఉంది, 'హెచ్' ఉంది, పాస్‌పోర్టు నంబరుంది. నాలుగు కాపీలు తీయించాను.

ఆయన సర్టిఫికెట్‌లో పేరు సరిగ్గానే ఉంది, నంబరు కలిపితే సరిపోయింది. కోవిడ్ తగ్గాక మూడు నెలలు ఆగమన్నారు కాబట్టి ఆయన రెండో డోసు సెప్టెంబర్‌కి గానీ పూర్తి కాలేదు. మా వదినా అన్నయ్యా కొడుకు దగ్గరికి పోవాలని ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నారు. వాళ్లు వేసుకున్నది కోవాగ్జిన్. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం నవంబర్ 3న వచ్చింది కాబట్టి వాళ్ల దారి కూడా తెరుచుకుంది. అంతకు ఒక్క నెల ముందైతే రెండు డోసులు పూర్తయినా వాళ్లు టీకా వేసుకోనివాళ్ల కిందే లెక్క.

డిసెంబర్ 5 నుంచి 13 దాకా

గడప దాటలేదు.

పాజిటివ్ వస్తే ప్రయాణం పోయినట్టే. తొంభై రోజుల్లోపు కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు డాక్టరు రాసిచ్చే ఉత్తరంతో ఒక మినహాయింపు ఉంది. ఆయనకొచ్చింది మేలో కాబట్టి అది మాకు పనికిరాదు. ఇక మిగిలింది ఒకటే, మనుషులకు దూరంగా ఉండడం. కూరగాయలు గేటు దగ్గర పెట్టించుకున్నాం. పనమ్మాయికి జీతమిచ్చి రావద్దని చెప్పాను. ఆ పిల్ల గేటు అవతల నిలబడి, "అమ్మా, పాపాయిని చూపించమని అక్కకి చెప్పండి, ఫోన్లో" అని వెళ్లింది.

వెళ్లే ముందు కొండకు పోయి రావాలని నా కోరిక. దర్శనానికి కూడా ఇప్పుడు టీకా సర్టిఫికెట్టో మూడు రోజుల్లోపు నెగెటివ్ రిపోర్టో చూపించాలి, సర్టిఫికెట్లు మా దగ్గర ఉన్నాయి. కానీ నవంబర్ వానలకు కొండ దారులు దెబ్బతిన్నాయి. డిసెంబర్ 1న పైకెళ్లే ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడ్డాయి. దారి సంగతి అలా ఉంచినా, ఇప్పుడు జనంలోకి వెళ్లడమే మాకు ప్రమాదం. 8న తిరుచానూరు అమ్మవారి పంచమీ తీర్థం కూడా ఈసారి ఏకాంతంగానే జరిగింది, టీవీలో చూసి దండం పెట్టుకున్నాను. రోజూ పొద్దున మేడ మీదకెళ్లి కొండ వైపు తిరిగి నిలబడేదాన్ని. బైరాగిపట్టెడలో మా మేడ మీద నుంచి చూస్తే కొండలు ఎదురుగా గోడ కట్టినట్టు కనిపిస్తాయి. వానల తర్వాత కదా, అంత పచ్చగా నేనెప్పుడూ చూడలేదు.

ఈ రోజుల్లోనే పెట్టెలు సర్దాను. సొంఠి కొట్టి జల్లించాను. వాము, పసుపుకొమ్ములు, కరివేపాకు పొడి, చెనక్కాయల పొడి. మా అమ్మ కట్టుకున్న నూలు చీరలు రెండు ఉతికి ఆరేసి మడత పెట్టాను, పొత్తిళ్లకి. ఎన్నిసార్లు ఉతికారో గానీ వెన్నలా ఉంది ఆ గుడ్డ.

ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "15 నుంచి విమానాలు మొదలన్నారు, మళ్లీ ఆపేశారంట కదా, మీది ఉందా?" అని. ఆగింది మామూలు సర్వీసులు. రెండు దేశాల మధ్య ఒప్పందంతో నడిచే 'ఎయిర్ బబుల్' విమానాలకు ఆ వాయిదాతో సంబంధం లేదు, మాది అదే. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎక్కడా ఆగకుండా వెళ్లే ఎయిరిండియా విమానం, 2021 జనవరిలోనే మొదలైంది. గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో వెళ్తే టికెట్ తక్కువకి వచ్చేదే. కానీ మధ్యలో ఇంకో దేశంలో దిగితే ఆ దేశం నియమాలూ చదవాలి. మనం దారిలో ఉండగానే అవి మారితే దిక్కెవరు? నేరుగా వెళ్తే ఒక్క దేశం నియమం చదివితే చాలు. పెద్దవాళ్లను పంపేవాళ్లెవరైనా నన్నడిగితే ఆ డబ్బుకి వెనకాడొద్దనే చెబుతాను.

డిసెంబర్ 14, మంగళవారం

సాయంత్రం ల్యాబ్‌కి ఫోన్ చేసి రేపు పొద్దున రమ్మని గుర్తుచేశాను. పేర్లూ పాస్‌పోర్టు నంబర్లూ పుట్టిన తేదీలూ ఇప్పుడే చెప్పండి, రాసి పెట్టుకుంటామన్నారు. చెప్పాను. ఆ చిన్న పని ఎంత దూరం తీసుకెళుతుందో అప్పుడు తెలియలేదు.

డిసెంబర్ 15, బుధవారం

పొద్దున ఏడు దాటాక ల్యాబ్ కుర్రాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. వరండాలోనే స్టూలు వేశాం. "తల కొంచెం వెనక్కి వాల్చండమ్మా, కళ్లు మూసుకోండి" అని పుల్ల ముక్కులో పెట్టి మెల్లగా తిప్పాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పుల్లను ట్యూబులో పెట్టి, పైభాగం విరిచి, మూత బిగించాడు. జేబులోంచి నల్ల మార్కరు తీసి ట్యూబు మీద నా పేరూ, 15/12 అనీ, 7.20 అనీ రాశాడు. ఆయన ట్యూబు మీద 7.25. మార్కరు తడి ఆరేదాకా ఊదాడు. ఆ ఊదడం మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది.

"నాయనా, రిపోర్టులో పాస్‌పోర్టు నంబరూ, శాంపిల్ తీసిన తేదీ, ఏ రకం పరీక్షో తప్పకుండా ఉండాలి" అన్నాను.

"అన్నీ వస్తాయమ్మా. రాత్రికి వాట్సాప్‌లో పెడతా" అన్నాడు.

పగలంతా ఎలా గడిచిందో చెప్పలేను. నెగెటివ్ వస్తుందా అన్నదొక్కటే ఆలోచన. ఆయన ఒకసారి దగ్గితే నేను వంటింట్లోంచి తొంగిచూశాను. పోపు ఘాటుకి దగ్గానని ఆయన చెప్పాల్సి వచ్చింది.

రాత్రి తొమ్మిదీ నలభైకి రిపోర్టులొచ్చాయి. ఇద్దరికీ నెగెటివ్. ఆయన గట్టిగా "గోవిందా" అన్నారు. అమ్మాయికి మెసేజ్ పెట్టేశారు. నేను మాత్రం ఫోన్ వెలుతురు పెంచుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టాను. పేరు సరే. పాస్‌పోర్టు నంబరు సరే. పుట్టిన తేదీ సరే. శాంపిల్ తీసిన తేదీ: 14-12-2021.

మళ్లీ చదివాను. ఆయన రిపోర్టులోనూ అంతే.

జరిగింది అర్థమైంది. ముందు రోజు సాయంత్రం ఫోన్లో మా వివరాలు ఎక్కించుకున్నారు కదా, కంప్యూటర్ ఆ తేదీనే శాంపిల్ తేదీగా తీసుకుంది. మేం శాంపిల్ ఇచ్చింది సరైన రోజునే. కాగితం మాత్రం ఒక రోజు ముందని చెబుతోంది. బెంగళూరు కౌంటర్లో ఉండే మనిషికి మా వరండా తెలియదు, కాగితమే తెలుసు.

ల్యాబ్ నంబరుకి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మూసేసినట్టున్నారు. కుర్రాడి నంబరుకి చేస్తే పదింటికి ఎత్తాడు, అన్నం తింటున్నాడు. విషయం చెప్పాను. ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. "అమ్మా, ట్యూబుల మీద నేను రాసిన తేదీ ఉంది. రిజిస్టర్లో టైముతో సహా ఉంది. రిపోర్టు మార్చాలంటే డాక్టర్ గారు సంతకం పెట్టాలి, ఆయన నిద్రపోయుంటారు. పొద్దున్నే లేపుతా. మీరు బయలుదేరండి" అన్నాడు.

మా ఆయన ఏమాత్రం తొణకలేదు. బెంగళూరు విమానాశ్రయంలోనే అప్పటికప్పుడు టెస్టు చేసి రిపోర్టిచ్చే ఏర్పాటుంది. డబ్బు ఎక్కువైనా సరే, గంట ముందే పోయి అక్కడ చేయించుకుందాం అన్నారు. అమ్మాయికి చెప్పొద్దన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. నిండు నెలలతో ఉన్న పిల్ల, ఈ టెన్షన్ తనకెందుకు?

ఆ రాత్రి నిద్ర లేదు. ఆ ఒక్క అంకె, 14, కళ్ల ముందు అలాగే నిలబడింది.

డిసెంబర్ 16, గురువారం

మూడింటికే బయలుదేరాం. ధనుర్మాసం మొదలైన రోజు. చీకట్లోనే మా వీధిలో ఇద్దరు ముగ్గురు వాకిట్లో ముగ్గులేస్తున్నారు. ఎదురింటి పెద్దావిడ చీపురు పక్కన పెట్టి, "పోయిరామ్మా, బిడ్డనెత్తుకుని ఫోటో పంపు" అంది.

చంద్రగిరి దాటాం, కోట కనిపించలేదు, అంత మంచు. చిత్తూరు ఊరి బయట టీ బండ్ల దగ్గర మాత్రం వెలుతురుంది. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే చలి మొదలైంది. పలమనేరులో కారాపి టీ తాగుతున్నాం. ఐదూ యాభైకి ఫోన్ టింగుమంది.

కొత్త రిపోర్టులు రెండూ వచ్చాయి. శాంపిల్ తీసిన తేదీ 15-12-2021, సమయం 7.20. ఆయనది 7.25. కింద డాక్టర్ గారి సంతకం, సీలు. దాని వెంటనే కుర్రాడి గొంతు: "అమ్మా, డాక్టర్ గారింటికే పోయి లేపాను. రిజిస్టర్ చూసి మార్చారు. జాగ్రత్తగా పోయి రండి."

టీ గ్లాసు బల్ల మీద పెట్టి కారు వెనక్కి వెళ్లి ఏడ్చాను. మే నెలలో ఆయన ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఏడవలేదు, పలమనేరు టీ బండి దగ్గర ఏడ్చాను. ఆ అబ్బాయి చలిలో, చీకట్లో, ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల మనవరాలి కోసం ఒకరి తలుపు తట్టాడు. ల్యాబ్ చేసిన తప్పు పెద్దదే, మా ప్రయాణం పోయి ఉండేదే. ఆ తప్పును దిద్దినవాడూ ఆ ల్యాబ్ మనిషే.

ప్రింటు కావాలి. ఫోన్లో చూపిస్తే చాలంటారు గానీ చార్జింగ్ పోయినా, సిగ్నల్ లేకపోయినా ఏం చేస్తాం? ముళబాగిలు బస్టాండు పక్కన ఒక జిరాక్సు షాపతను అప్పుడే అగరొత్తి వెలిగిస్తున్నాడు. బోర్డు కన్నడంలో ఉంది, ఆయన మాత్రం "రండమ్మా, ఏం కావాల?" అని మన తెలుగులోనే అడిగాడు. కోలారు జిల్లాలో అంతే, మనూరు దాటినట్టే ఉండదు. పాత రిపోర్టు పొరపాటున కూడా బయటికి రాకూడదని ఫోన్లోంచి తీసేయించాను. రెండు తేదీలతో రెండు కాగితాలు చేతిలో ఉండడం కన్నా ఒక్కటి ఉండడమే మేలు.

తొమ్మిదిన్నరకి విమానాశ్రయం చేరాం. చెకిన్ కన్నా ముందు కాగితాలు చూసే వరస వేరే ఉంది. దాదాపు అందరూ మా వయసువాళ్లే. చేతుల్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు, మొహాలకు మాస్కులు, కొందరికి పైన షీల్డులు. ఎవరిని కదిలించినా కూతురి కానుపో, కోడలి కానుపో, రెండేళ్లుగా చూడని మనవడో.

మా ముందు అనంతపురం వైపు నుంచి వచ్చిన దంపతులున్నారు. వాళ్ల రిపోర్టు 14వ తేదీది. నిజంగానే 14న ఇచ్చిన శాంపిల్. టికెట్ కొన్న రోజున ఏజెంటు మూడు రోజులని చెప్పాడట, మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ పెద్దాయన కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ, "నెగెటివే కదమ్మా ఇది, నెగెటివే కదా" అంటున్నాడు. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, అక్కడే టెస్టు చేసే చోటు చూపించింది. వాళ్లు వెళ్తే వాళ్ల ట్రాలీలు మేం చూసుకున్నాం. ఆవిడ వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి మా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా నేనూ అలాగే ఉన్నాను. గంటంబావుకి ఇద్దరూ కాగితాలు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చారు. నెగెటివ్. ఆ గంటంబావు కూడా వాళ్లు ముందే వచ్చారు కాబట్టి దొరికింది.

మా వంతు వచ్చింది. ఆ అమ్మాయి పాస్‌పోర్టు తెరిచి పెట్టి, దాని పక్కన టీకా సర్టిఫికెట్టు, దాని పక్కన రిపోర్టు పెట్టింది. వేలు ఒక్కో అక్షరం మీద జరుగుతూ పోయింది. ఇంటిపేరు, పేరు, చివర 'హెచ్' మీద కూడా వేలు ఆగింది. నంబరు, రెండు డోసుల తేదీలు, తర్వాత శాంపిల్ తేదీ. అక్కడ పెన్నుతో చిన్న టిక్కు పెట్టింది. నేను బ్యాంకులో ఎన్ని వేల కాగితాల మీద అలాంటి టిక్కు పెట్టానో! ఆ టిక్కు కోసం అవతల నిలబడ్డ మనిషికి కాళ్లు ఎలా ఉంటాయో నాకు ఈ రోజు తెలిసింది.

తర్వాత ఒక డిక్లరేషన్ ఫారం. టీకా పూర్తయిందనీ పరీక్షలో నెగెటివ్ వచ్చిందనీ మన చేత్తో సంతకం పెట్టాలి. అమెరికాలో ఉండబోయే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి, విమానంలో ఎవరికైనా కోవిడ్ ఉన్నట్టు తేలితే వెతకడానికి. అమ్మాయి అడ్రసు నోటికొచ్చు గానీ చేతికి రాలేదు, కాగితం తీసి చూసి రాశాను.

విమానం ప్రయాణంలో చెప్పుకోదగ్గది లేదు. పదహారు గంటలు. భోజనానికి తప్ప మాస్కు తీయలేదు. కాళ్లు వాచకుండా రెండు గంటలకోసారి లేచి నడిచాం. అనంతపురం ఆవిడ మా వెనక మూడు వరసల అవతల ఉంది, లేచినప్పుడల్లా ఇద్దరం చేతులూపుకున్నాం.

అక్కడ దిగేసరికి అదే 16వ తేదీ, సాయంత్రం ఐదు. ఇమిగ్రేషన్ వరసలో ఫోల్డరు గుండెకి హత్తుకుని నిలబడ్డాను. ఆఫీసరు ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, తినే వస్తువులేమైనా తెచ్చారా అని అడిగాడు. కూతురి కానుపన్నాను, పొడులు తెచ్చానన్నాను. ముద్ర వేసి ఇచ్చేశాడు. టెస్టు రిపోర్టు అడగలేదు. టీకా కాగితం అడగలేదు. వాటిని చూసే బాధ్యత విమాన సంస్థలదట, బెంగళూరులోనే ఆ పరీక్ష అయిపోయింది. నేను మాత్రం ఫోల్డరు తెరిచి చేతిలో పట్టుకునే ఉన్నాను.

బయట అమ్మాయి నిలబడి ఉంది. నిండు పొట్ట, మొహం మీద మాస్కు. ఆరడుగుల దూరంలో ఆగిపోయాం ఇద్దరం. ముందే అనుకున్నది అది. టీకా పూర్తయినవాళ్లు విడిగా ఉండాలన్న నియమమేమీ లేదు, మూడు నుంచి ఐదు రోజుల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకొమ్మంటారు అంతే. కానీ విమానంలో పదహారు గంటలు కూర్చుని వచ్చి నిండు చూలాలిని ముట్టుకోవడానికి నాకే మనసొప్పలేదు. పక్కన అల్లుడి చంకలో పాప. నన్ను చూసింది, తర్వాత వాళ్లమ్మ చేతిలోని ఫోన్ చూసింది, మళ్లీ నన్ను చూసింది. దానికి అమ్మమ్మ ఉండేది ఫోన్లో.

డిసెంబర్ 17 నుంచి 20 దాకా

ఫ్రీమాంట్‌లో వాళ్లింట్లో కింద ఒక గది మాకిచ్చారు. కిటికీ తెరిచే ఉంచాం, చలికి రెండు దుప్పట్లు. అల్లుడు అన్నం ప్లేట్లు గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టి వెళ్లేవాడు. వండి పెట్టడానికి వచ్చి వండించుకుని తిన్నాను.

పాపకు ఒక్క రోజులో మా సంగతి తెలిసిపోయింది. తలుపు కింద వేలు పెట్టేంత సందుంది. రెండో రోజు అక్కడి నుంచి ఒక రంగు పెన్సిలు దొర్లుకుంటూ వచ్చింది. ఎర్రది. నేను దాన్ని వెనక్కి తోయబోతే అటు నుంచి ఇంకోటి వచ్చింది, పచ్చది. నేలమీద కూర్చుని, "ఇంకోటి ఇవ్వమ్మా" అన్నాను. నా గొంతు విని అవతల కిలకిలమంది. మాకు ఇవ్వడం దానికి ఆటైపోయింది. 20 రాత్రికి పదకొండు పెన్సిళ్లయ్యాయి, ఒక ప్లాస్టిక్ చెంచా, ఒక బొమ్మ ఏనుగు చెవి.

అల్లుడు ఇంట్లో చేసుకునే టెస్టు కిట్ల కోసం తిరుగుతూనే ఉన్నాడు. క్రిస్మస్ ముందు, ఒమిక్రాన్ భయంతో అందరూ కొనేశారు. నాలుగో షాపులో రెండు దొరికాయి.

డిసెంబర్ 21, మంగళవారం

పొద్దున కిట్టు విప్పాం. ఈసారి పుల్ల నేనే పెట్టుకున్నాను, ఆ కుర్రాడు తిప్పినట్టే మెల్లగా తిప్పాను. పదిహేను నిమిషాలు. ఆయన గడియారం చూస్తూ కూర్చున్నారు. ఒక్క గీతే వచ్చింది, ఇద్దరికీ.

తలుపు తీశాను. అమ్మాయి ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ఒక్క అడుగులో నా భుజం మీద తల పెట్టింది. పొట్ట అడ్డం వచ్చి పక్కకి తిరిగి పట్టుకోవాల్సి వచ్చింది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. పాప మా ఇద్దరి కాళ్ల మధ్య నుంచి దూరి గదిలోకి వెళ్లింది. మంచం పక్కన వరసగా పేర్చి పెట్టిన పెన్సిళ్ల ముందు కూర్చుని, ఒక్కోటీ తీసి తన గౌను జేబులో వేసుకోవడం మొదలుపెట్టింది.